కుక్క దంతధావనం

పెంపుడు కుక్క పళ్లపై పేరుకునే పాచిని ఇంట్లో బ్రష్‌తో తొలగించడమే కుక్క దంతధావనం. కుక్కపిల్లకు 28 పాలపళ్లు, పెద్ద కుక్కకు 42 పళ్లు ఉంటాయి. కుక్క లాలాజలంలో క్షారగుణం ఎక్కువ. అందువల్ల దానికి పళ్లు పుచ్చడం అరుదు, గార కట్టడం మాత్రం సులువు. తోమిన కొన్ని గంటలకే పాచి మళ్లీ మొదలై, రెండు మూడు రోజుల్లో ఖనిజాలు చేరి గట్టిపడుతుంది. వారానికొకసారి తోమితే చాలదని, రోజూ తోమడమే సరైనదని అనడానికి ఆధారం ఈ వ్యవధే.

అడవిలో తిరిగే జంతువులకు లేని బ్రష్ పెంపుడు కుక్కకు ఎందుకన్న అభ్యంతరం ఉంది. అయితే ఆఫ్రికా అడవి కుక్కల పుర్రెల్లోనూ చిగుళ్ల వ్యాధి ఆనవాళ్లు, విరిగిన పళ్లు కనిపించాయి. ఎముకలు కొరికితే కొంత గార రాలే మాట నిజమే. కానీ గట్టి ఎముక వల్ల పై దవడలోని పెద్ద నమిలే పన్ను చీలే ప్రమాదం ఉంది. ఆ నష్టం లాభం కంటే పెద్దది.

మెత్తని బ్రష్‌ను చిగురు అంచు వద్ద సుమారు 45 డిగ్రీల వాలులో ఉంచి, ముఖ్యంగా పళ్ల బయటివైపు తోమాలి. కుక్క పేస్టును ఉమ్మివేయలేదు, మింగేస్తుంది. కనుక ఫ్లోరైడ్, నురుగు పదార్థాలు ఉండే మనుషుల పేస్టు పనికిరాదు. కొన్ని పేస్టుల్లో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కలకు విషం. గట్టిపడిన గార బ్రష్‌తో పోదు. దాన్ని పశువైద్యులు మత్తు ఇచ్చి తొలగిస్తారు.