పావలా వడ్డీకి ముందు

తెలుగు పల్లెల్లో వడ్డీని శాతాల్లో చెప్పుకోరు. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24. అయిదు రూపాయలంటే 60. చెవికి చిన్నగానే వినిపిస్తుంది, సంక్రాంతి నుంచి సంక్రాంతికి అసలులో సగం దాటేస్తుంది.

ఈ లెక్కను ఎదుర్కొన్న పొదుపు సంఘాల కథకు ఒక మూలం సారా దుకాణం దగ్గర ఉంది. 1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిబడి వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది: ఊరి ఆడవాళ్లు ఏకమై సారా అంగడి మూయించిన కథ. అక్షరాలు కూడబలుక్కుంటూ అది చదివిన దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లోనూ అంగడి మూయించారు. 1992కల్లా జిల్లాలో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

మరి సారా ప్యాకెట్లకు పోయే డబ్బు? ‘పొదుపు లక్ష్మి’ పేరుతో రోజుకు రూపాయి దాచమన్నారు. సంఘంలో పదిహేనుమంది ఉంటే నెలకు 450. ఆ సొమ్ము ఊరికే ఉండదు. చాప మీద కూర్చుని, ఎవరికి అవసరమో తేల్చి అక్కడికక్కడే అప్పిస్తారు: ఒకరికి ఆసుపత్రి ఖర్చు, మరొకరికి గేదె. తీర్మానం పుస్తకంలో కొందరివి వేలిముద్రలు, కొందరివి కొత్తగా నేర్చిన వంకర సంతకాలు. సంఘమూ రెండు రూపాయల వడ్డీ తీసుకున్న చోట్లున్నాయి. కాకపోతే ఆ రెండూ తిరిగి వాళ్ల పెట్టెలోకే వచ్చేవి. అసలు మలుపు అదే.

అదే 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 500 సంఘాలతో ప్రయోగం మొదలుపెట్టింది. తాకట్టు లేకుండా సంఘానికి బ్యాంకు అప్పు. పల్లె మహిళల సంఘాల కోసం 1982లో పుట్టిన డ్వాక్రా పథకం 1999లో మరో పథకంలో కలిసిపోయినా, జనం నోట ఇప్పటికీ అది ‘డ్వాక్రా గ్రూపే’. 2004లో ‘పావలా వడ్డీ’ వచ్చింది. సకాలంలో కట్టినవాళ్లకు ఏడాదికి మూడు శాతం దాటిన వడ్డీని ప్రభుత్వం తిరిగిచ్చేది.

ఈలోగా గుమ్మంలోకి మరో అప్పు వచ్చింది. సూక్ష్మరుణ సంస్థల మనిషి వారం వారం వస్తాడు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. ఒకే ఇంట్లో మూడు నాలుగు సంస్థల కార్డులు. ఒక కిస్తీ కోసం మరో అప్పు. ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబర్‌లో రాష్ట్రం ఆర్డినెన్స్ తెచ్చింది. వడ్డీ అసలును మించకూడదంది. పాత ధర్మశాస్త్రాల నియమమూ అదే. వసూలు ఇంటి గుమ్మంలో కాకుండా పంచాయతీ ఆఫీసు దగ్గరో, అందరూ చూసే మరోచోటో జరగాలంది.