అరుగు మీద కుక్క

చిత్త కార్తె అక్టోబరు రెండో వారంలో వస్తుంది. తెలుగునాట ఆ కార్తె పేరు చెబితే వానకన్నా ముందు కుక్కలే గుర్తొస్తాయి. వీధి వీధంతా గుంపులు కట్టి, కొట్లాడుకుని, రాత్రుళ్ళు ఊరికి నిద్ర లేకుండా చేసే ఆ పదమూడు పద్నాలుగు రోజుల పుణ్యమే ‘చిత్తకార్తె కుక్క’ అన్న తిట్టు. కుక్క చూలుతో ఉండేది 63 రోజులు, అటూ ఇటూగా. లెక్క వేసుకుంటే ఈనేది డిసెంబరులో, ధనుర్మాసంలో. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో హరిదాసు చిడతలు వాయించుకుంటూ తిరిగే వేళకు గడ్డిమేటు అడుగునో, డ్రైనేజీ తూములోనో నాలుగైదు కూనలు కుయ్ కుయ్‌మంటుంటాయి. సంక్రాంతి సెలవుల్లో పిల్లలు వాటిలో ఒకదాన్ని చొక్కాలో దోపుకుని ఇంటికి తెస్తారు. “ఎక్కడిదిరా ఆ దరిద్రం, తెచ్చినచోటే వదిలేసి రా” అంటుంది మామ్మ. సాయంత్రానికి ఆవిడే కొబ్బరి చిప్పలో పాలు పోస్తుంది.

పొద్దున తిట్టుకీ సాయంత్రం పాలకీ మధ్య మామ్మ ఏ నిర్ణయమూ తీసుకోలేదు. ఆ కూన ఇంట్లోకి రాలేదు, వీధిలోకీ పోలేదు. అరుగు దగ్గర ఆగింది, అంతే.

డెల్టా ఊళ్ళలో పాత పెంకుటిళ్ళకు వీధి వైపు అరుగు ఉండేది. అది ఇల్లూ కాదు, వీధీ కాదు. పోస్టుమాన్ చెమట తుడుచుకునేది అక్కడే. సాయంకాలం పేకాట అక్కడే. వాన పడితే మేక ఎక్కేది, రాత్రయితే కుక్క పడుకునేది ఆ అరుగు మీదే. తెల్లారి చీపురు పట్టుకొచ్చిన ఇల్లాలు ఛీ అంటే దిగేది, నీళ్ళు చల్లి ముగ్గు పెట్టాక దూరంగా కూర్చునేది. గడప దాటకూడదని దానికీ తెలుసు, దాటనివ్వకూడదని ఇంటివాళ్ళకీ తెలుసు. మడీ ఆచారమూ ఉన్న ఇళ్ళలో కుక్క వంటింటి వైపు తల తిప్పినా అపచారమే. అయినా వైశ్వదేవం చేసేవాళ్ళు కాకులకూ కుక్కలకూ ముద్ద తీసి బయట పెట్టడం ధర్మమనే అనుకున్నారు. కుక్కని ఎక్కనిచ్చిన అరుగు మీదకి మనిషిని ఎక్కనివ్వని ఇళ్ళూ ఆ వీధుల్లోనే ఉన్నాయి, ఆ సంగతి దాచి అరుగుల గురించి మురిసిపోవడం కుదరదు.

ఇలా బతికిన కుక్కకి యజమాని అంటూ ఎవరూ ఉండరు. అలాగని అది దిక్కులేనిదీ కాదు. ఒక ఇంటి గంజి, ఒక ఇంటి చద్దన్నం, పెళ్ళి జరిగితే దొడ్డిదారిన పడేసిన ఎంగిలి విస్తళ్ళు. ‘మా వీధి కుక్క’ అనేవారు. పేరు కూడా వీధంతా కలిసి పెట్టిందే. పక్క వీధి కుక్క బెదిరి, తోక కాళ్ళ మధ్య దోపుకుని వస్తే దాన్ని ఉంచాలో తరమాలో మొదట తేల్చేది మనుషులు కాదు, అరుగు మీది కుక్క.

బెదిరిన కుక్క గురించి తెలుగులో దొరికే తొలి పెద్ద కథ కూడా ఈ నేలకి దూరంది కాదు. ఏలూరు పక్కనున్న పెదవేగి ఒకప్పటి వేంగి. ఆ వేంగి పేరుతో రాజ్యమేలిన తూర్పు చాళుక్యుల్లో రాజరాజనరేంద్రుడు 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ చేత భారతం తెలుగు చేయించాడు. ఆ ఆదిపర్వం మొదట్లోనే కుక్కపిల్ల ఉంది. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ అనే దేవశుని కొడుకు సారమేయుడు అటు ఆడుకుంటూ వచ్చాడు. హవిస్సు ముట్టలేదు, కనీసం చూడలేదు. జనమేజయుడి తమ్ముళ్ళు కొట్టారు. తల్లి వచ్చి నిలదీసింది. మంచీ చెడ్డా ఆలోచించకుండా సాధువులకీ పేదవాళ్ళకీ కీడు చేసేవాళ్ళకి కారణం లేని భయాలు ముంచుకొస్తాయని చెప్పి వెళ్ళిపోయింది. కుక్కని బెదిరించినందుకు రాజుకి తగిలిన శిక్షా భయమే.

తిక్కన తెలుగు చేసిన చివరి పర్వాల్లో కథ అటునుంచి ఇటు తిరుగుతుంది. మహాప్రస్థానంలో తమ్ముళ్ళూ భార్యా దారిలో ఒక్కొక్కరే పడిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది కుక్క. దాన్ని వదిలేసి రథమెక్కమంటాడు ఇంద్రుడు. ధర్మరాజు ఒప్పుకోడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదలడం పాపమన్నది ఆయన వాదం. భారతం ఒక కుక్కని కొట్టడంతో మొదలై ఇంకో కుక్కని వదలకపోవడం దగ్గర ముగియబోతుంది. పౌరాణికులు ఈ రెండు కొసల్నీ ముడేసి చెబితే బాగుండేది, ఎందుకో చివరిదాన్నే ఎక్కువ చెప్పారు.

యజమాని లేని కుక్క నేరం చేసినట్టే అన్న లెక్క తర్వాతి కాలంలో వచ్చింది, ఇంగ్లీషువాళ్ళతో. వాళ్ళ చట్టానికి తెలిసినవి రెండే రకాలు. మెడపట్టా ఉన్నది ఒకరి ఆస్తి. లేనిది ఊరికి బెడద. అరుగు మీది కుక్క ఈ రెండు గళ్ళలో దేనిలోనూ ఇమడదు. బొంబాయిలో ఎండాకాలం వీధికుక్కల్ని చంపినవాళ్ళకి కుక్కకి ఎనిమిదణాల చొప్పున ఇచ్చేవారు. డబ్బు ఆశకి ఇళ్ళ ముందు పడుకున్నవాటినీ లాక్కుపోవడంతో 1832 జూన్‌లో పార్సీలు తిరగబడ్డారు, దుకాణాలు మూతపడ్డాయి, సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. మద్రాసులో కార్పొరేషన్ కుక్కల్ని పట్టి చంపడం 1860లో మొదలైందంటారు. ఏలూరు పురపాలక సంఘం ఏర్పడింది 1866లో. దీపాలు, తూములు, చెత్త, మశూచి టీకాలు, ఇలా ఊరి బాధ్యతలు ఒక్కొక్కటే పురపాలక సంఘాలకి చేరాయి. వీధికుక్కల్ని చంపే అధికారాన్ని కూడా మునిసిపల్ చట్టాలు వాటి చేతిలోనే పెట్టాయి.

పెద్దతరం చాలామందికి కుక్కల బండి గుర్తే. ఇనప పట్టకారు, మెడకి ఉచ్చు, లోపల ఒకదాని మీద ఒకటి పడి అరిచే కుక్కలు. బండి ఈ మూల మీద కనిపిస్తే ఆ మూల దాకా పిల్లలు కేకలేసేవారు. అప్పుడు అరుగు చాలదు. వీధికుక్కని గబగబా లోపలికి లాగి తలుపేసేవారు. చాలా ఇళ్ళలో కుక్క గడప దాటింది ఆ రోజే అయి ఉంటుంది.

బండి వెనక ఊరికున్న భయం కూడా తక్కువది కాదు. పిచ్చికుక్క కరిస్తే ఒకప్పుడు పసరు వైద్యం, మంత్రం, ఆ తర్వాత చావు. జబ్బు ముదిరినవాడు గ్లాసెడు నీళ్ళు చూసి వణికిపోతాడు. చుట్టూ కాలవలూ చెరువులూ కొల్లేరూ ఉన్న నాట నీళ్ళకి జడిసే జబ్బు ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. పారిస్‌లో లూయీ పాశ్చర్ 1885 జులైలో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి టీకా వేసి బతికించాడు. దక్షిణాదికి ఆ మందు 1907లో వచ్చింది, నీలగిరుల్లోని కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కి. ఏలూరు మనిషిని కుక్క కరిస్తే బెజవాడ మీదుగా మద్రాసు, అక్కణ్ణుంచి మేట్టుపాళయం, ఆపైన పళ్ళ పట్టాల మీద కొండెక్కే చిన్న రైలు. ఆ రైలు కూనూరు దాకా వచ్చింది కూడా 1899లోనే. కరిచిన కుక్క ఎవరిదో తెలియకపోతే ఇంత ప్రయాణం.

తర్వాత మందు జిల్లా ఆస్పత్రులకే చేరింది. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో రూపొందించిన ఆ టీకా గొర్రె మెదడు నుంచి తీసింది. పొట్ట మీద రోజుకొకటి. ‘బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు’ అన్న మాట తెలుగు ఇళ్ళలో బూచాడికన్నా బాగా పనిచేసింది. వీధికుక్కని ముట్టుకోవద్దని పిల్లలకి చెప్పడానికి ఇంకో వాదం అక్కర్లేకపోయింది. ఆ టీకా తయారీ దేశంలో 2004 చివరికి ఆగిపోయింది. ఇప్పుడు చేతికో భుజానికో నాలుగైదు మోతాదులు, గాయాన్ని వెంటనే సబ్బుతో పావుగంట కడగడం. అయినా బొడ్డు చుట్టూ పద్నాలుగు అన్న మాట పోలేదు. జబ్బుకన్నా మందు మీది భయమే ఎక్కువ కాలం బతికినట్టుంది.

చంపితే కుక్కలు తగ్గుతాయా అన్న ప్రశ్నని మద్రాసులో కెప్టెన్ వి. సుందరం కుటుంబం గట్టిగా వేసింది. 1959లో వాళ్ళు పెట్టిన బ్లూక్రాస్ 1964 నుంచీ ఒకటే పాట పాడింది: పట్టండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయండి, పిచ్చి రాకుండా టీకా వేయండి, తెచ్చినచోటే వదిలేయండి. చంపే కుక్కల సంఖ్య ఎంత పెరిగిందంటే వాటి తోళ్ళతో మెడ టైలూ పర్సులూ చేయించే ఆలోచన కూడా ఒక దశలో జరిగిందని బ్లూక్రాస్ వాళ్ళు చెబుతూ వచ్చారు. చంపడం మాని ఆపరేషన్లు చేయమన్న వాళ్ళ పాట నగరం వినడానికి 1996 దాకా పట్టింది. హైదరాబాదులో అక్కినేని అమల 1992లో బ్లూక్రాస్ మొదలుపెట్టారు, విశాఖలో వి.ఎస్.పి.సి.ఏ. అనే జంతు సంరక్షణ సంస్థ 1996లో వచ్చింది. కేంద్రం 2001లో కుక్కల జనన నియంత్రణ నిబంధనలు తెచ్చి, 2023లో తిరగరాసింది. ఇప్పుడు చెవి అంచు కత్తిరించి ఉన్న వీధికుక్క కనిపిస్తే ఆపరేషన్ అయిందని గుర్తు. తెచ్చినచోటే వదలాలన్న నియమం ఒక రకంగా పాత అరుగుకి చట్టం వేసిన సంతకం.

చట్టం ఉన్నంత మాత్రాన బండి ఆగిపోలేదు. 2021 జులైలో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా లింగపాలెంలో మూడొందల దాకా కుక్కల్ని విషపు సూదులు వేసి చంపి, గోతిలో పూడ్చేశారన్న ఆరోపణ మీద జంతు సంరక్షకులు ధర్మాజీగూడెం పోలీసులకి ఫిర్యాదు చేశారు. దేశమంతా పత్రికలు రాశాయి. ఇప్పుడా ఊరు ఏలూరు జిల్లాలో ఉంది. అటువైపు కూడా కళ్ళు మూసుకోలేం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాణ్ణి వీధికుక్కలు కరిచి చంపిన సీసీటీవీ దృశ్యం చూసిన తల్లిదండ్రులకి సారమేయుడి కథ చెప్పడం ఎవరి తరమూ కాదు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కల్ని తీసేయమంది, మళ్ళీ అక్కడే వదలొద్దంది. తెచ్చినచోటే వదలాలన్న సూత్రానికి అలా ఒక మినహాయింపు పుట్టింది.

ఈలోగా అరుగులు పోయాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొన్ని, ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టినప్పుడు ఇంకొన్ని. వాటి స్థానంలో గేటు వచ్చింది. అరుగుకి నానా మెట్లుంటాయి, గేటుకి ఉన్నవి రెండే: తీసి ఉండటం, వేసి ఉండటం. బెదిరిన కుక్క గేటు ముందు నిలబడితే ఇంటాయన ఇవాళ నిజంగానే నిర్ణయం తీసుకోవాలి. తీస్తే టీకా ఖర్చు, మెట్ల మీద మలం, పై అంతస్తువాళ్ళతో గొడవ. తీయకపోతే రాత్రంతా వినిపించే ఆ సన్నటి మూలుగు. వీధి మొత్తం పంచుకున్న బరువు ఒక ఇంటి మీద పడింది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో మాత్రం లారీ కింద నీడకి పడుకున్న కుక్కని క్లీనర్ అదిలించి లేపాకే డ్రైవరు బండి కదుపుతాడు. ఆ కుక్క ఎవరిదని అక్కడ ఎవరూ అడగరు.

అరుగు ఇంకా మిగిలి ఉన్న చోటు చూడాలంటే కొల్లేరు వైపు వెళ్ళాలి, కాకపోతే అక్కడ దాని పేరు మకాం. చెరువు గట్టు మీద నాలుగు తాటి దూలాలు, తాటాకు కప్పో రేకో, ఒక నులకమంచం, మేత బస్తాలు. లంక గ్రామాల్లో తాటిదోనెల మీద వలలేసుకుని బతికిన నీటిలో 1970ల నుంచీ గట్లు లేచాయి, బొచ్చె, శీలావతి పెంచే చెరువులొచ్చాయి. చెరువుకి కాపలా మనిషి, మనిషికి తోడు కుక్క. కొని తెచ్చిన కుక్క అరుదు. ఊళ్ళో తన్నులు తిన్నదో, దారి తప్పినదో గట్టు పట్టుకుని నడిచొచ్చి పాకకి పాతిక గజాల దూరంలో కూర్చుంటుంది. కాపలాదారు దాన్ని పిలవడు, తరమడు. చచ్చి తేలిన చేపని గట్టు మీదకి విసిరి తన పని తాను చూసుకుంటాడు. మర్నాడు కుక్క పదిగజాలు దగ్గరికి జరుగుతుంది. మూడో రోజో నాలుగో రోజో మంచం కింద కనిపిస్తుంది. కరిచిన కుక్కని పది రోజులు కనిపెట్టి చూడమంటారు డాక్టర్లు. కరవని కుక్కనీ ఇక్కడ అలాగే కనిపెడతారు: నీళ్ళు తాగుతోందా, చొంగ కారుస్తోందా అని. నీళ్ళు తాగితే సరే. ఆపైన నీటికాకుల్ని తరిమే పని దానిది.

కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’లో ఆ హద్దు లోపలి గట్లు పేల్చేశారు. మకాంలు లేచిపోయాయి. చెరువుల లెక్క, పరిహారం లెక్క ఫైళ్ళకెక్కింది. మంచం కింద పడుకున్నవాటి లెక్క ఎవరు రాస్తారు?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు బెజవాడని ముంచి, ఆ నీళ్ళన్నీ కొల్లేరు మీదకి వచ్చాయి. ఉప్పుటేరు వాటిని సముద్రంలోకి లాగలేకపోయింది. లంకలకి దారులు తెగాయి, పడవలు తిరిగాయి. ఇలాంటప్పుడు ఎత్తయిన గట్టు ఏదైనా ఉంటే దాని మీదే గేదెలు, మనుషులు, కోళ్ళు, కుక్కలు. ముందు ముసలివాళ్ళని పడవ ఎక్కిస్తారు, పిల్లల్ని, తర్వాత బియ్యం మూటని. పడవ అంచు నీటికి జానెడు ఎత్తులో ఉండగా గట్టు మీద మిగిలిన కుక్క ఒకసారి అరుస్తుంది, రెండో అరుపుకి నీళ్ళలో దూకి పడవ పక్కనే ఈదడం మొదలుపెడుతుంది. గెడ వేసేవాడు “పడవ బరువెక్కిపోయింది, కుదర్దు” అంటాడు. అంటూనే గెడ ఆపుతాడు. మెడ వెనక తోలు పట్టుకుని ఎవరో పైకి లాగుతారు. అది ఒళ్ళు దులుపుకుంటే బియ్యం మూట తడిసి, అందరూ కలిసి దాన్నే తిడతారు.