‘బుడుగు’ నిత్యనూతనత్వమునకు హేతువులు

వారపత్రికలలో వెలువడు హాస్యరచనలు సామాన్యముగా ఆ పత్రికలతోడనే పాతవడును. ముళ్ళపూడి వెంకటరమణగారు (1931–2011) రచింపగా బాపుగారు (1933–2014) బొమ్మలు వేసిన ‘బుడుగు’ ఇందుకు అపవాదము. 1956–57 సంవత్సరములలో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో ధారావాహికముగా వచ్చిన యీ రచన పుస్తకరూపమున పలుమారులు ముద్రితమై, విశాలాంధ్ర ప్రచురణాలయమువారి ముళ్ళపూడి సాహితీసర్వస్వమునందును చేరినది. దానికి తావిచ్చిన ఆంధ్రపత్రిక నిలిచిపోయి దశాబ్దములు గడచినవి. బుడుగు మాత్రము నేటికిని పఠితల నోళ్ళలో నానుచున్నాడు.

ఇందుకు కారణమేమి? హాస్యరచన కనుక అనుట చాలదు. ఆ కాలపు హాస్యరచనలెన్నో నేడు గ్రంథాలయములలో దుమ్ము పట్టియున్నవి. ఉరవకొండ ప్రాంతమునుండి చూచినపుడు ఈ ప్రశ్న మరింత పదునెక్కును. పడగ విప్పిన పాము ఆకృతిగల కొండ నీడనున్న యీ ఊరు, ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురము మెట్టసీమలోనిది. బళ్ళారి చేరువలో నుండుటచే కన్నడమును చెవి సోకుచుండును. ఇచటి బాలుడు నాయనమ్మను ‘అవ్వ’ యనియో ‘జేజి’ యనియో పిలుచును; పినతండ్రిని ‘చిన్నాయన’ యనును. బుడుగు ఇంట నున్నవారు బామ్మ, బాబాయి. అది కోస్తా తెలుగు మాటలాడు మధ్యతరగతి యిల్లు. అయినను ఈ ప్రాంతపు పఠితకు ఆ పుస్తకము పరాయిదిగా తోపదు. ఈ విశేషమునకు కారణము తెలిసినచో ఆ రచన దీర్ఘాయువునకును కారణము తెలిసినట్లే యని మా తలంపు.

తెలుగు సాహిత్యమున అల్లరి బాలుడు క్రొత్తవాడు కాడు. పోతన భాగవత దశమస్కంధమున బాలకృష్ణుడు ఇల్లిల్లు తిరిగి అల్లరి చేయును. గోపికలు వచ్చి యశోదతో మొరపెట్టుకొందురు. అచట అల్లరి చేయువాడు బాలుడు, దానిని చెప్పువారు పెద్దలు. మన్ను తిన్న ఘట్టమున బాలుడు నోరు విప్పినను, అది తనపై మోపిన నేరమునకు సమాధానము చెప్పుకొనుటకే. ‘బుడుగు’లో ఈ అమరిక తలక్రిందులైనది. ఇందు మొరపెట్టుకొనువాడు బాలుడు. అతని యెదుట దోషులుగా నిలుచువారు అమ్మ రాధ, నాన్న గోపాళము, ప్రైవేటు మాష్టారు, ఇరుగుపొరుగువారు. గోపికల మొర యశోద వినెను. బుడుగు మొర వినవలసినవాడు పఠిత.

పెద్దలు చెప్పు మాటకును చేయు పనికిని నడుమ గల యెడమును బుడుగు కనిపెట్టును. కాని దానిని ఎత్తి చూపుట ఎగతాళియని అతడెరుగడు. అతనికి అది ఉన్నమాట. హాస్యము పఠిత మనస్సుననే పుట్టును. బాల్యమున చదివినవాడు బుడుగు పక్షమున నిలిచి నవ్వును. అతడే తండ్రియైన పిదప మరల చదివినపుడు గోపాళము పక్షమున నిలిచి నవ్వుకొనును. ఇట్లు ఒకే రచన రెండు వయస్సులలో రెండు విధములుగా పలుకుట మొదటి హేతువు.

ఈ మార్పు విలువ తెలియవలెనన్న మన బాలవాఙ్మయ చరిత్రను కొంత తడవవలెను. 1853లో వెలువడిన చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ పేరునకు తగినట్లు నీతిబోధకై పుట్టిన గ్రంథము. అది తరతరముల విద్యార్థులకు పాఠ్యమైనది. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘బాల’ పత్రికను నెలకొల్పిరి. 1947 జూలైలో ‘చందమామ’ వెలసినది. రమణగారి తొలి కథ ‘అమ్మ మాట వినకపోతే’ 1945లో ‘బాల’లోనే అచ్చయినది. పేరులోనే పెద్దల హెచ్చరిక వినబడు ఆ కథ వెలువడిన పండ్రెండేండ్లలోపుననే, హెచ్చరించు పెద్దలను ఎదురు ప్రశ్నించు బుడుగు ఆ కలమునుండియే వచ్చెను. ఇంచుమించుగా ఆ కాలముననే ఫ్రాన్సులో గోసినీ రచించి సెంపే బొమ్మలు వేసిన ‘చిన్న నికొలా’ కథలును బాలుని నోటనే నడచినవి. అవి పత్రికలో 1959లో ఆరంభమై 1960లో పుస్తకమైనవి. ఇందు ఒకరినొకరు అనుకరించిరనుటకు తావు లేదు. బాలుని శ్రోతగా మాత్రమే కాక వక్తగా నిలుపవలెనను కోరిక ఉభయత్ర కలిగినదనుట యుక్తము.

రెండవ హేతువు భాష. బుడుగు స్నేహితురాలి పేరు అతని నోట ‘సీగానపెసూనాంబ’. ఇది శ్రీజ్ఞానప్రసూనాంబ యనుటకు మారురూపము. శ్రీకాళహస్తిలో వెలసిన అమ్మవారి పేరు. ఇందు ‘శ్రీ’ ‘సీ’ యైనది. ‘జ్ఞా’ ‘గా’ యైనది. ‘ప్ర’లోని రేఫ జారినది. ‘శ్రీ’ ‘సిరి’ యగుటను, ‘ప్రయాణము’ ‘పయనము’ అగుటను తద్భవములని మనము తరగతులలో బోధించుచున్నాము. సంయుక్తాక్షరమును సడలించుటలో బాలుని నాలుక చేసినదియు ఆ జాతి పనియే. గిడుగు రామమూర్తిగారు (1863–1940) శిష్టవ్యవహారమునకు గ్రంథస్థానము కోరి పోరాడిరి. రమణగారు మరియొక అడుగు వేసి, బాలుని ఉచ్చారణను దిద్దకయే అచ్చునకెక్కించిరి. కావున ఈ పుస్తకమును కన్నులతో చదువుట చాలదు, పైకి చదువవలెను. అట్లు చదివినపుడు ప్రాంతభేదము పలుచబడును. ఏలయన ఆ భాష ఒక జిల్లాది యగుటకు ముందు ఒక పిల్లవానిది. ‘బామ్మ’ను తన ‘అవ్వ’గా గుర్తించుటకు ఉరవకొండ బాలునికి నిఘంటువుతో పని లేదు.

మూడవ హేతువు రేఖ. పొట్టి లాగు, నుదుటిమీదికి జారిన జుట్టు, కొలదిపాటి గీతలు: వీనితోనే బాపుగారు బుడుగును నిలిపిరి. పరిసరములను వర్ణించు శ్రమ ఆ రేఖ పెట్టుకొనదు. అందుచే ఆ వీధి గోదావరి తీరమునదో, మదరాసుదో, ఉరవకొండలో మగ్గములు ఆడు వీధియో యని తేల్చి చెప్పనక్కరలేదు. చూచువాడు తన వీధిని అందు చేర్చుకొనును. మాట బుడుగునకు ఒక యిల్లు నిచ్చినది. రేఖ ఆ యింటి తలుపులను అందరికి తెరచినది.

ఇచట ఒక ఆక్షేపణను ఎదుర్కొనవలసియున్నది. 1956లోనే అనంతపురము జిల్లా తరిమెలకు చెందిన విద్వాన్ విశ్వముగారి ‘పెన్నేటి పాట’ వెలువడి, కరవుసీమ దైన్యమును కావ్యవస్తువు చేసినది. ఆ కావ్యము ప్రక్కన నుంచి చూచినపుడు బుడుగు అల్లరి కడుపు నిండిన యింటి అల్లరిగా కానవచ్చును. ఈ మాట నిజమే. బుడుగునకు ఆకలి ప్రశ్న లేదు. సేద్యము విఫలమైన యింటి బాలుడు ఆ పుటలలో కానరాడు. అది ఆ రచనకు గల హద్దు. కాని బాలుని కంటితో పెద్దల లోకమును చూచి, వాని నుడికారముననే చెప్పు పద్ధతికి ఆ హద్దు లేదు. తరువాతి దశకములలో నామిని సుబ్రహ్మణ్యంనాయుడుగారు ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కతలు’ మున్నగు రచనలలో చిత్తూరు పల్లెటూరి బాలుని నోట, ఆ సీమ యాసలోనే, లేమిని, నవ్వును కలిపి చెప్పి దీనిని నిరూపించిరి.

కావున ‘బుడుగు’ నిత్యనూతనత్వము కేవలము హాస్యమువలన కలిగినది కాదు. బాలుని మాటను దిద్దక ముందు దానిని వినుటవలన కలిగినది. ఈ సంగతి ఉపాధ్యాయులమైన మనకు ముఖ్యము. మన ప్రాంతమున బాలుని మాట రెండు మారులు దిద్దబడుచున్నది: పిల్లతనపు పలుకుబడికై ఒకమారు, సీమ పలుకుబడికై మరియొకమారు. ప్రమాణభాష నేర్పవలదని మా అభిప్రాయము కాదు. దిద్దుటకు ముందు ఆ మాటను వ్రాసియుంచుకొనవలెనని మాత్రమే మా మనవి. ఉరవకొండ, గుంతకల్లు, కళ్యాణదుర్గము పరిసరములలోని బాలుర పలుకులను, సంయుక్తాక్షరములను వారు సడలించు తీరును, తెలుగు కన్నడములు వారి నోట కలియు తీరును పరిశోధకవిద్యార్థులు సేకరింప పూనుకొన్నచో బాలభాషాశాస్త్రమునకు ఆధారములు సమకూరును. రేపటి బాలవాఙ్మయ రచయితకు కావలసిన ముడిసరకు అందే యున్నది.