దాదా వద్దన్న ఎజ్డీ

మా దాదా బతికున్నన్నాళ్లూ నల్లజర్లలో మా గుమ్మం ముందు ఎజ్డీ బండి ఆగలేదు. 1980ల్లో అబ్బా భీమడోలు, దేవరపల్లి వైపు సంతలు తిరిగి బట్టలు అమ్మేవారు. సైకిల్ మీద మూటలు మోసి మోసి ఇక బండి కొందామనుకున్నారు. ఆయన షౌకంతా ఎజ్డీ మీదే. దాదా ఒక్క మాటతో కొట్టిపారేశారు: "ఇమామ్ హుసేన్‌ని షహీద్ చేయించినోడి పేరున్న బండి నా ఇంటికా? తౌబా!"

అబ్బా ఎదురు చెప్పలేదు. సెకండ్ హ్యాండ్ రాజ్‌దూత్ కొనుక్కున్నారు. పోలండ్ నమూనా మీద ఎస్కార్ట్స్ వాళ్లు చేసిన 175 సీసీ బండి. మూటలు మొయ్యడానికి అదే మేలని తరవాత తనకి తానే సర్దిచెప్పుకునేవారు.

ఇదంతా ఒక్క గలత్‌ఫహ్మీ. ఉర్దూ మీడియంలో చదివినవాళ్లు కాగితం మీద రాసి చూడండి. యజీద్: యే, జే, యే, దాల్. యజ్దీ: యే, జే, దాల్, యే. నాలుగూ అవే హురూఫ్, చివరి రెండూ చోటు మార్చుకున్నాయి, అంతే. మొదటిది కర్బలా జాలిమ్ పేరు. రెండోదానికి అర్థం ఇరాన్‌లోని యజ్ద్ షహర్‌కి చెందినవాడని. ఢిల్లీవాడు దెహ్లవీ, లక్నోవాడు లఖ్నవీ, యజ్ద్‌వాడు యజ్దీ. బండి ట్యాంకు మీద పేరు ఇంగ్లీషులో కాక ఉర్దూలో ఉండుంటే దాదా సరిగ్గా చదివేవారేమో. తొందరపడితే అప్పుడూ తప్పే చదివేవారేమో!

ఆ పేరు మైసూరులో తయారైన బండికి ఎలా వచ్చింది? 1929లో ప్రాగ్‌లో యానెచెక్ అనే ఆయుధాల ఫ్యాక్టరీ యజమాని, జర్మనీ వాండరర్ కంపెనీ దగ్గర మోటార్ సైకిల్ హక్కులు కొన్నాడు. రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిస్తే జావా. ఆ బళ్లని బొంబాయికి తెప్పించి అమ్మింది ఇరానీ అనే పార్సీ ఖాన్‌దాన్. 1950ల్లో దిగుమతుల మీద సర్కారు ఆంక్షలు బిగిసేసరికి, ఇక్కడే తయారు చేద్దామని రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీ మైసూరులో ఐడియల్ జావా పెట్టారు. 1961లో జయచామరాజ ఒడయార్ దాన్ని ప్రారంభించారు. 1973 నుంచి బండి పేరు ఎజ్డీ అయింది. ఇరానీల పూర్వీకుల వతన్ యజ్ద్ కాబట్టి ఆ పేరు పెట్టారని చెబుతారు. చెక్ భాషలో 'యెజ్దీ' అంటే బండి మీద వెళ్తాడనే అర్థం కూడా ఉంది. రెండు వైపులా కలిసొచ్చిన పేరు.

యజ్ద్ మనకి మరీ పరాయి ఊరేం కాదు. హైదరాబాద్‌లో, బొంబాయిలో ఇరానీ హోటళ్లు పెట్టినవాళ్లలో చాలామంది యజ్ద్, కెర్మాన్ వైపు నుంచి వచ్చినవాళ్లే. మన ఏలూరు తివాచీల హునర్ కూడా ఇరాన్ నుంచి వచ్చినవాళ్లే తెచ్చారని పెద్దలు చెబుతారు. దాదా కూర్చునేది ఏలూరు తివాచీ మీదే. ఇంటికొచ్చిన ప్రతి మెహమాన్‌కీ "ఇరానీ హునర్, చూడండి" అని చూపించేవారు. బండి విషయంలో మాత్రం ఆ ఇరాన్ గుర్తుకు రాలేదు.

మూడేళ్ల కిందట అనంతపల్లి దగ్గర ఒక పొగాకు బ్యారన్ పక్కన ఎజ్డీ కనబడింది. సీటు మీద కోడి పొదుగుతోంది. 1984 రోడ్‌కింగ్, రెండు సైలెన్సర్లు, 250 సీసీ టూ స్ట్రోక్. కిక్ కొట్టేదీ గేరు వేసేదీ ఒకటే రాడ్డు. ఎజ్డీ తెలియనివాడు కిక్ కోసం వెతుక్కుంటూ నిలబడిపోతాడు. 18,000కి బేరం కుదిరింది. కోడికి వేరే గంప చూశాకే బండి ఇచ్చారు.

కొన్నాక తెలిసింది, కొనడం చిన్న పని అని. 1980ల మధ్యలో తక్కువ పెట్రోలు తాగే జపాన్ బళ్లు దిగాక ఎజ్డీ దెబ్బతింది. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. 2022లో ఎజ్డీ పేరు మళ్లీ బజారుకొచ్చింది గానీ, అవి ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు. వాటి సామాను మన పాత బండికి పట్టదు. ఇన్నేళ్లు ఈ బళ్లు బతికాయంటే కంపెనీ వల్ల కాదు, ఉస్తాద్‌ల వల్ల.

మా ఉస్తాద్ షెడ్డు తాడేపల్లిగూడెంలో. అరవై దాటాయి. పదేళ్ల వయసులో షాగిర్ద్‌గా చేరి, పానాలు కిరసనాయిల్లో కడగడంతో మొదలుపెట్టారట. బండి చూడగానే ఇంజన్ విప్పలేదు. ఫ్లైవీల్ చేత్తో తిప్పి, చెవి పెట్టి, "క్రాంక్ బేరింగ్ పోయింది, బోరు అరిగింది" అన్నారు. విప్పితే రెండూ నిజమే. సిలిండర్‌ని ఏలూరు లేత్‌కి పంపి బోరింగ్ చేయించి, ఓవర్‌సైజు పిస్టన్ వేశారు. సైలెన్సర్లలో గడ్డకట్టిన కార్బన్‌ని కాస్టిక్ సోడాతో కరిగించారు. మొత్తం ఖర్చు బండి ధరకి రెండింతలు దాటింది. ఎంతైందో ఇంట్లో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

ఉస్తాద్ దగ్గర ఇప్పుడు ఒక్క షాగిర్ద్ లేడు. కొడుకు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. "ఈ చెవి ఎవరికిచ్చిపోను బేటా?" అన్నారొకసారి, స్పార్క్ ప్లగ్ తుడుస్తూ. నాకు సిగ్గేసింది. మన తారీఖ్ రాయమంటే నవాబులు, షాయర్లు, దర్గాల దగ్గర ఆగిపోతాం. నేనూ ఇరవై ఏళ్లుగా పత్రికల్లో రాస్తున్నాను, పానా పట్టిన చెయ్యి గురించి ఒక్క కాలమ్ రాయలేదు. ఊరూరా మెకానిక్ షెడ్లలో మనవాళ్లు ఎంతమంది బతుకులు వెళ్లదీశారో మీ ఖాన్‌దాన్‌లోనే లెక్కపెట్టుకోండి.

కాగజాత్‌లకి ఇంకో రెండు నెలలు. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ తప్పదు. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు నిండితేనే వింటేజ్ హోదా. మా బండికి ఇంకా ఆ వయసు రాలేదు.

మొన్న చలికాలంలో అబ్బాని వెనక కూర్చోబెట్టుకుని ఏలూరు మీదుగా కైకలూరు వెళ్లాను, ఆటపాకలో గూడబాతులు చూద్దామని. లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి ఉస్తాద్ స్వయంగా పోశారు. కొల్లేటి గాలికి అబ్బా మఫ్లర్ చెవులకి చుట్టుకున్నారు. గట్టు మీద బండి ఆపితే, ట్యాంకు మీది దుమ్ములో కుడి నుంచి ఎడమకి వేలితో రాశారు: యే, జే, దాల్, యే.

"అబ్బాకి రాసి చూపించుండాల్సింది," అన్నారు. అంటే మా దాదాకి.

తిరిగొస్తుంటే గుండుగొలను దాటాక బండి ఆగిపోయింది. ఎన్ని కిక్కులు కొట్టినా లేవలేదు. ఉస్తాద్‌కి ఫోన్ చేశాను.

"పాయింట్లు నల్లబడుంటాయి. అగ్గిపెట్టె ఉందా? పక్కనున్న గరుకు అట్టతో రుద్దు."

అబ్బా అప్పటికే టీ కొట్టు వైపు నడుస్తున్నారు, అగ్గిపెట్టె కోసం.