నెస్టు, నీడము, గూడు



పక్షి యింటిని ఆంగ్లేయులు వేయేండ్లకు పైగా 'నెస్టు' అనుచున్నారు. దొంగల స్థావరమునకును, ఒకదానిలో నొకటి యిమిడెడు పెట్టెలకును ఆ మాటనే వాడుదురు. సంస్కృతమున గూటికి 'నీడము' అని పేరు. ఈ రెండును తోబుట్టువులు. 'ని' యనగా క్రిందికి. 'సద్' అనగా కూర్చుండుట. పక్షి దిగి కూర్చుండు చోటని భావము. ఆంగ్లమున సకారము నిలిచినది; సంస్కృతమున నది లోపించి, ముందరి అచ్చు దీర్ఘమైనది. లాటినున నిదియే 'నీడుస్'.

సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఏకమూలమునుండి పుట్టియుండవలెనని 1786లో విలియం జోన్సు దొర కలకత్తాలో ప్రసంగించెను. ఆంగ్లమును ఆ కుటుంబములోనిదే.

ఈ చుట్టరికము చూచి మురిసి, మన చెట్టు 'నీడ'యు 'నీడము'నుండియే వచ్చినదని నేను పెక్కేండ్లు బడిలో బోధించితిని. అది పొరపాటు. మన నీడకు అరవమునందలి 'నిళల్' బంధువు; మన గూటికి అరవపు 'కూడు', కన్నడపు 'గూడు' బంధువులు. తెలుగు, అరవము, కన్నడములు సంస్కృతజన్యములు గావని, అవి వేఱొక కుటుంబమని 1816లోనే ఎల్లిసు దొర మద్రాసున నిరూపించెను.

ఇంటిపేరొకటైనంత మాత్రమున జ్ఞాతులు గారు గదా! మాటలకును అంతే. నాటి నా శిష్యు లెవరైన నిది వినుచున్నచో, నా పాఠమును సవరించి మనుమలకు చెప్పుదురు గాక.