భోగి మంటలో పడబోయిన పుస్తకం

ఆగరా ఆగు! ఆ నీలం అట్ట పుస్తకం ఇటివ్వు. విరిగిన తట్టలు, చీపుళ్ళు, తాటాకులు ఎన్నైనా వేసుకోండి, అది మాత్రం వద్దు. అటక మీద నుంచి ఎవరు దించారు దీన్ని?

ఏంటి, పేజీ నిండా గళ్ళు, గళ్ళలో ఇంగ్లీషు కె అక్షరాలు, కొన్ని అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయంటావా? చెప్తా, కూర్చోండి. అమ్మలూ, నువ్విటు రా, పొగ నీ మొహం మీదకే వస్తోంది. పిడకల దండలు కాసేపాగి వేద్దురుగాని.

నేను 1980లో హ్యూస్టన్ వెళ్ళాను. మొదటి ఏడాది తోచుబడి అయ్యేది కాదు. మా ఆఫీసులో ఒక పెద్దాయన, టెక్సాస్ మనిషే, బేస్‌బాల్ ఆట చూపిస్తానని నన్ను వెంటబెట్టుకుని ఆస్ట్రోడోమ్‌కి తీసుకెళ్ళాడు. పైకప్పు ఉన్న అంత పెద్ద ఆటస్థలం ప్రపంచంలో అదే మొదటిది, 1965లో కట్టారు. లోపల ఏసీ. బయట ఉడకబోత, లోపల మన డిసెంబరు. ఆయన నా చేతిలో ఒక పెన్సిలూ, ఇదిగో ఈ పుస్తకమూ పెట్టి, "చూడ్డం కాదు, రాయి. రాస్తేనే ఆట కనబడుతుంది" అన్నాడు. బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. వాడు బ్యాటర్‌ని మూడు స్ట్రైకులతో పంపేస్తే దాన్ని స్ట్రైకౌట్ అంటారు, ఆ గడిలో కె రాయాలి. మూడో బంతికి బ్యాటర్ బ్యాటు కూడా ఊపకుండా బొమ్మలా నిలబడిపోతే, ఆ కెని తిరగేసి రాయాలి. అదీ కథ.

ఆ రోజుల్లో మా ఊరి టీం ఆస్ట్రోస్‌కి నోలన్ ర్యాన్ అనే పిచ్చర్ ఉండేవాడు. పెరిగింది పక్కనున్న ఆల్విన్‌లో. పెర్లాండ్‌లో మన మీనాక్షి అమ్మవారి గుడి ఉంది చూడు, అక్కణ్ణించి ఇంకొంచెం పోతే ఆల్విన్. అందుకని ఆయన మా మనిషన్నట్టే ఉండేది నాకు. బంతి క్యాచర్ గ్లవ్‌లో పడ్డప్పుడు వచ్చే చప్పుడు పై అంతస్తులో కూర్చున్న మాకు వినపడేది, బట్టలుతికే బండ మీద తడిగుడ్డ బాదినట్టు.

ఇదిగో ఈ పేజీ చూడండి, 1987. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు. ఆ ఏడాది పేపర్లో ఆయన పేరు పక్కన ఏముందో తెలుసా? 8 గెలుపులు, 16 ఓటములు. నవ్వుతున్నావా? మా ఆఫీసులోనూ కొందరు అలాగే నవ్వారు, ముసలాడైపోయాడు, ఇంటికి పంపాలి అన్నారు. నాకు కడుపు మండిపోయింది.

ఎందుకంటే ఆ గెలుపు ఎలా లెక్కేస్తారో విను. ఆట మొదలుపెట్టిన పిచ్చర్ కనీసం ఐదు ఇన్నింగ్సు వేయాలి, దిగిపోయేసరికి తన టీం ముందుండాలి, ఆఖరుదాకా ఆ ఆధిక్యం నిలవాలి. అప్పుడే గెలుపు ఆయన ఖాతాలో పడుతుంది. అంటే ఆయన ప్రాణం పెట్టి వేసి ఒక్క పరుగే ఇచ్చినా, మన బ్యాటర్లు సున్నా చుట్టి వస్తే ఓటమి రాసేది ఆయన పేరు మీదే! అన్నం బాగా వండినా, కూర మాడిందని అన్నం వండినవాణ్ణి తిట్టినట్టు.

మరి ఆయన పని ఆయన ఎలా చేశాడో తేలేదెట్లా? దానికో లెక్కుంది, ఈఆర్ఏ అంటారు. ఫీల్డర్ల తప్పువల్ల వచ్చిన పరుగులు తీసేసి, మిగతావాటిని తొమ్మిది ఇన్నింగ్సుకు ఎన్నో చూస్తారు. క్రికెట్లో బౌలింగ్ సగటు లాంటిదే, కాకపోతే వికెట్లకు బదులు ఇన్నింగ్సుతో భాగిస్తారు. ఆ ఏడాది ర్యాన్ వేసింది 211 ఇన్నింగ్సు, మరో మూడింట రెండు వంతులు. ఫీల్డర్ల తప్పులవి తీసేస్తే ఇచ్చిన పరుగులు 65. అరవైయ్యైదుని తొమ్మిదితో హెచ్చవేయి. 585 కదా, దాన్ని ఇన్నింగ్సుతో భాగించు. 2.76. నేషనల్ లీగ్ మొత్తంలో అదే అన్నిటికన్నా తక్కువ! పైగా 270 స్ట్రైకౌట్లు, అందులోనూ లీగ్‌కి మొదటివాడు. బ్యాటర్లు బంతిని తెగ చితకబాదిన ఏడాది అది.

అదే ఏడాది షికాగో కబ్స్‌కి రిక్ సట్‌క్లిఫ్ 18 ఆటలు గెలిచాడు. ఆయన ఈఆర్ఏ 3.68. ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఓట్లలో ఆయన రెండోవాడు, 55 పాయింట్లు. 57తో గెలిచింది స్టీవ్ బెడ్రోసియన్, ఆట చివర్లో వచ్చి కాసేపు వేసే పిచ్చర్. మా ర్యాన్ ఐదో స్థానం దగ్గరే ఆగిపోయాడు. ఇన్నేళ్ళయినా నాకా కోపం చల్లారలేదు.

అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆస్ట్రోడోమ్‌లో హద్దులు దూరంగా ఉండేవి, గాలి ఆడేది కాదు, కొట్టిన బంతి చచ్చిపడిపోయేది. షికాగోలో గాలి బయటికి వీచిందంటే బంతి గోడ దాటినట్టే. మాగాణిలో పండిన బస్తాల్నీ మెట్టలో పండిన బస్తాల్నీ ఊరికే ఎంచి ఎవరు మంచి రైతంటే ఎలా? మైదానం తేడా తీసేసి చూసుకున్నా 1987లో ర్యాన్‌దే పైచేయి. మా ఆఫీసు పెద్దాయన దగ్గర ఈ కూడికలు, తీసివేతలు అన్నీ నేర్చుకున్నాను.

ఇంకోటి కూడా ఉందమ్మా, అది నాకు నిద్రపట్టనివ్వలేదు. 1981 సెప్టెంబరు 26, శనివారం. డాడ్జర్స్ టీం మీద ర్యాన్ ఒక్క హిట్టు కూడా ఇవ్వలేదు. ఆయనకది ఐదో నో-హిట్టర్, అప్పటిదాకా ఎవరూ నాలుగు దాటలేదు. నేనక్కడే ఉన్నాను. ఏడో ఇన్నింగ్సులో మైక్ సియోషా కుడివైపు లోతుగా కొట్టాడు. అయిపోయిందనుకున్నాను. టెర్రీ పుల్ పరుగెత్తి, పరుగెత్తి, గోడ దగ్గర పట్టేశాడు! ఇదిగో, ఈ గడి. చెయ్యి వణికి పెన్సిలు ముక్కు విరిగింది, మచ్చ కనబడుతోందా?

మరి ఆ అవుట్ ఎవరిది? ర్యాన్‌దా, పుల్‌దా? నాకు వెంటనే మన క్రికెట్ ఫీల్డర్ సోల్కర్ గుర్తొచ్చాడు. 1971లో ఓవల్ టెస్టు రేడియోలో విన్నాం. చంద్రశేఖర్ 38 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడని ఊరంతా పండగ. కానీ వెంకట్రాఘవన్ బంతికి అలన్ నాట్‌ని సోల్కర్ దూకి పట్టకపోతే? సోల్కర్ ఆడింది 27 టెస్టులు, పట్టినవి 53 క్యాచ్‌లు.

నా మనసులో నలిగిన ఆ ప్రశ్నకే 2001లో వోరోస్ మెక్రాకెన్ అనే ఆయన జవాబు రాశాడు. గోడ దాటి హోం రన్ కాకుండా, బ్యాటుకు తగిలి మైదానంలోకి వెళ్ళిన బంతి హిట్టవుతుందా అవుటవుతుందా అన్నదాని మీద పిచ్చర్‌కున్న పట్టు మనం అనుకున్నదానికన్నా చాలా తక్కువట. పూర్తిగా ఆయన చేతిలోవి మూడు: స్ట్రైకౌట్లు, ఊరికే బేసు ఇచ్చేసే వాక్‌లు, హోం రన్లు. ఆయనకు ముందు బిల్ జేమ్స్ అనే ఆయన కాన్సస్‌లో తిండి డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో రాత్రి కాపలా కాస్తూ ఇలాంటి లెక్కలే వేసుకుని, 1977లో సొంతంగా పుస్తకం అచ్చేయించుకున్నాడు. రాత్రి కాపలా! ఆ మాట తెలిసినప్పుడు ఆయన మీద ఎంత గౌరవం పుట్టిందో.

మెక్రాకెన్ చెప్పిన ఆ మూడింటి కొలతతో చూస్తే మా ర్యాన్ లోపమూ బయటపడింది, దాచను. 5,714 స్ట్రైకౌట్లు ఎవరూ అందుకోలేదు. వాక్‌లు కూడా 2,795, అందరికన్నా ఎక్కువ. రెండోవాడు స్టీవ్ కార్ల్‌టన్, 1,833. చూశావా ఎంత తేడానో! అందుకే ఆయన్ని అన్ని కాలాల్లోకీ గొప్పవాడనమంటే నేననను. ఆ ఒక్క ఏడాది మాత్రం ఆయనదే అంటాను, ఎవరొచ్చి అడిగినా.

2010లో ఫెలిక్స్ హెర్నాండెజ్ 13 గెలిచి 12 ఓడినా సై యంగ్ ఇచ్చారు, ఈఆర్ఏ 2.27 చూసి. 2018లో జేకబ్ డిగ్రామ్ గెలిచింది పదే, ఓడింది తొమ్మిది. ఈఆర్ఏ 1.70. ఆయనకూ ఇచ్చారు. ఆ వార్త చదివిన రోజు ఈ పుస్తకం తీసి, 1987 పేజీలో ర్యాన్ పేరు కింద పెన్సిల్‌తో గీత గీశాను. ఇదిగో, గీత.

సరే, మంట తగ్గిపోతోంది. పుస్తకం నా ఒళ్ళో పెట్టు. ఆ కాలు విరిగిన పీట ఉంది చూడు మూలన, అది తెచ్చి వెయ్యండి.