‘కాంస్య రాణి’ అన్న పేరు వెనక

జమైకా స్ప్రింటర్ మెర్లీన్ ఓటీకి పత్రికలు పెట్టిన పేరు ‘కాంస్య రాణి’. సాహిత్య చరిత్రల్లో రచయిత్రులకి తగిలించిన బిరుదులు చదివీ చదివీ నాకు ఇలాంటి మెప్పు మీద ఎప్పుడూ అనుమానమే. రాణి అంటూనే ఒక మెట్టు కింద కూర్చోబెట్టడం!

1980 మాస్కో ఒలింపిక్స్‌లో, 20 ఏళ్ల వయసులో, 200 మీటర్ల కాంస్యం గెలిచింది. ఇంగ్లీషు మాట్లాడే కరీబియన్ దేశాల స్త్రీకి అదే మొదటి ఒలింపిక్ పతకం. 1993 స్టుట్‌గార్ట్ ప్రపంచ పోటీల్లో ఆమె, అమెరికాకి చెందిన గెయిల్ డెవర్స్ ఇద్దరూ 100 మీటర్లని 10.82 సెకన్లలో ముగించారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లోనూ అంతే, ఇద్దరిదీ 10.94. రెండుసార్లూ ఫోటో చూసి స్వర్ణం డెవర్స్‌కిచ్చారు. గడియారానికందని ఆ తేడానే లోకం గుర్తుపెట్టుకుంది. 1993లోనూ 1995లోనూ 200 మీటర్ల ప్రపంచ విజేత ఓటీయే అన్నది ఎందరికి గుర్తు?

2000 సిడ్నీ నాటికి ఆమెకి 40. డోపింగ్ ఆరోపణ నుంచి ఆ ఏడాదే బయటపడింది. జమైకా ఎంపిక పోటీల్లో నాలుగో స్థానమే వచ్చినా, అక్కడ గెలిచిన అమ్మాయిని తప్పించి 100 మీటర్లకి ఈమెని దింపారు. సహచరులే నిరసనకి దిగారు. ఇక్కడ నేను తేలిగ్గా ఓటీ పక్షం చేరలేను. చోటు పోగొట్టుకున్నదీ స్త్రీయే. నలభై ఏళ్ల ఆడమనిషికి ఇంకా పరుగేమిటన్న మాటని మాత్రం ఒప్పుకోను.

ఆ పరుగులో నాలుగోది. మొదట వచ్చిన మరియన్ జోన్స్ పతకం 2007లో పోయాక, 2009లో కాంస్యం ఓటీకి దక్కింది. అది తొమ్మిదో ఒలింపిక్ పతకం. అప్పటికే ఆమె స్లొవేనియా పౌరురాలు. మరుసటి ఏడు, 50 ఏళ్ల వయసులో, బార్సిలోనా యూరోపియన్ పోటీల్లో ఆ దేశపు రిలే జట్టులో పరుగెత్తింది.